ఐసుపెట్టెలో పెళ్ళి

మా కుప్పంలో, అంటే మా జాలరి పల్లెలో, పెళ్ళిళ్ళు చేపల వేట నిషేధం రోజుల్లోనే జరుగుతాయి. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా బోట్లు సముద్రంలోకి పోకూడదు. మగవాళ్ళందరూ ఒడ్డునే ఉంటారు కాబట్టి పందిరికి మనుషులు దొరుకుతారు, వంటకు మనుషులు దొరుకుతారు, పెళ్ళికొడుకు కూడా దొరుకుతాడు. పోయిన ఏడు ఆ అరవై రోజులకు మా అన్న సుకుమార్ పదకొండు పెళ్ళిళ్ళ ఫొటోలు, వీడియోలు ఒప్పుకున్నాడు. అందులో ఏడోది గంగులయ్య గారి అమ్మాయిది. ఆ పెళ్ళి ఉన్న హార్డ్ డిస్కును మా నాయన ఇంటికి ఎట్లా తెచ్చాడో, దాన్ని మేము ఎట్లా విప్పామో రాస్తున్నాను. నాయననడిగే రాస్తున్నాను. ఏదీ దాచొద్దన్నాడు. "ఐసు ఎట్టా పరిచినానో మాత్రం సరిగ్గా రాయి" అన్నాడు.

ఆ వేసవికి నాయన, అన్న మాట్లాడుకోవడం మానేసి ఏడాది దాటింది. పదిహేడేళ్ళ వయసు నుంచి నాయన పక్కన బోటులో ఉన్నవాడు, ఒకరోజు సూళ్ళూరుపేటలో పాత కెమెరా కొనుక్కొచ్చి "ఇంక నేను వేటకు రాను" అన్నాడు. నాయన అరవలేదు, తిట్టలేదు. అన్నతో మాట్లాడటం ఆపేశాడు, అంతే. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా నేను.

"అమ్మణ్ణీ, మీ అన్నకు ఇంకో చేప ముక్క కావాల్నేమో అడుగు" అంటాడు నాయన, అన్న మోకాలు తన మోకాలికి తగులుతూ ఉండగానే.

"చాలని చెప్పు వెన్నెలా" అంటాడు అన్న.

"చాలంట నాయనా."

"నాకేం చెవుడా?" అని నామీద విసుక్కుంటాడు నాయన.

నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనొక్కదాన్నే. పట్టా చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఈ మాటలు మోయడమేనని అమ్మ నవ్వేది. రెండో ఉద్యోగం అన్న తీసుకొచ్చిన ఫొటోలను ఇంట్లో కూర్చుని ఆల్బమ్‌లుగా పేర్చడం. రెండోది శ్రద్ధగా చేసేదాన్ని. మొదటిది కూడా శ్రద్ధగానే చేసేదాన్ని కానీ, మాటలను ఉన్నవి ఉన్నట్టు మోసేదాన్ని కాదు. ముళ్ళు తీసి మోసేదాన్ని. "ఆయనకేం తెలుసు" అని అన్న అంటే, "ఆలోచిస్తానన్నాడు నాయనా" అని చెప్పేదాన్ని.

నిషేధం మొదలయ్యే ముందు రోజు అన్న చెప్పి పంపిన మాటను మాత్రం అక్షరం తీయకుండా చేరవేశాను. "బోట్లు మళ్ళా దిగేలోగా నేను ఈ పనిలో నిలబడకపోతే, కెమెరా అమ్మేసి బోటెక్కుతానని చెప్పు." నాయన వల చిక్కు తీస్తూ విన్నాడు. "సరే అన్నానని చెప్పు" అన్నాడు. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

గంగులయ్య గారిది అవతలి కుప్పం. ఆయనకు నాలుగు బోట్లు, చుట్టుపక్కల ఏ కుప్పంలో పంచాయితీ జరిగినా ఆయన రావాల్సిందే. ఆయన ఇంట పెళ్ళి బాగా తీశాడనిపించుకుంటే అన్న నిలబడ్డట్టే. చెడగొట్టాడనిపించుకుంటే ఇంకెవరూ పిలవరు.

పెళ్ళి బాగానే జరిగింది. మరుసటి ఉదయం జంటను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి గంగమ్మకు పసుపు కుంకుమ ఇప్పించారు. అన్న అదీ తీశాడు. కెమెరాకు ఉన్నవి రెండే కార్డులు. సాయంత్రం విందు కూడా తీయాలి. అందుకని కార్డుల్లో ఉన్నదంతా హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డులు చెరిపేశాడు. డిస్కు నాకు అందితే నేను ఆల్బమ్ పని మొదలుపెడతాను. నాయన ఆ పెళ్ళికి బోటు మీద పోయి ఉన్నాడు. అవతలి కుప్పానికి రోడ్డు మీద రెండు బస్సులు, అరపూట. పులికాట్ నీళ్ళ మీద గంట. నిషేధం సముద్రానికే గాని సరస్సు దాటడానికి కాదు.

పదకొండు గంటలకు అన్న ఫోన్ చేశాడు.

"వెన్నెలా, డిస్కు నాయన చేతికిస్తా ఉండా. మూడు సంగతులు చెప్పు ఆయనకు. దెబ్బ తగలకూడదు, వేడి తగలకూడదు, తడి తగలకూడదు."

"నాయన యాడుండాడు?"

"నా ఎదురుగానే ఉండాడు."

"అయితే నువ్వే చెప్పకూడదా అన్నా?"

"ఫోన్ చెయ్యి మే."

చేశాను. నాయన మాట వెనక నుంచి అన్న దగ్గు కూడా వినబడింది.

"నాయనా, ఆ డిస్కు జాగర్త. దెబ్బ తగలకూడదంట. వేడి తగలకూడదంట."

"అంతేనా?"

"అంతే."

మూడోది నేనే మింగేశాను. నలభై ఏళ్ళుగా సముద్రం మీద తిరుగుతూ అగ్గిపెట్టెను కూడా తడవకుండా ఒడ్డుకు తెచ్చే మనిషికి, తడవనియ్యొద్దని కొడుకు చెప్పి పంపాడంటే నొచ్చుకుంటాడనుకున్నాను. ముల్లు తీశాననుకున్నాను.

మూడు గంటలకు నాయన ఇంటికొచ్చాడు. తలమీద ఐసుపెట్టె. మా వాళ్ళు చేపలు పెట్టే తెల్లటి థర్మాకోల్ పెట్టె.

"ఈ రోజుల్లో చేపలు యాడివి?" అంది అమ్మ.

"చేపలు కాదు, గంగులయ్య కూతురి పెళ్ళి" అన్నాడు నాయన. పెట్టెను పంచలో దించి, పిల్లలకు మిఠాయి చూపించేవాడిలా మూత తీశాడు. పైనంతా పొడిగొట్టిన ఐసు. చేత్తో పక్కకు తోసి లోపలి నుంచి నీలం సంచి ఒకటి తీశాడు.

"కింద ఒక వరస, పైన రెండు వరసలు. చల్లదనం ఎక్కువ కావాల్నని ఉప్పు కూడా చల్లినా. ఈ ఎండకు టైగర్ రొయ్యను కూడా ఇంత భద్రంగా తేలా. పట్టుకుని చూడు, ఎంత చల్లగుండాదో!"

సంచి మూతి నైలాన్ తాడుతో బిగించి ఉంది. నాయన వేసిన ముడిలోంచి చుక్క నీరు పోదు. కానీ సంచి అడుగున చిన్న చిల్లు ఉంది. పెట్టెలో ఎప్పటిదో ఒక చేపముల్లు అతుక్కుని ఉండి గుచ్చుకున్నట్టుంది. సంచిలో గ్లాసుడు ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో డిస్కు.

నా మొహం చూసి నాయన నవ్వు ఆగిపోయింది.

"తడి తగలకూడదా?" అన్నాడు.

నేను తలూపాను. 'మరి నువ్వు చెప్పలేదే' అని ఆయన అనలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

అమ్మ కొంగుతో దాన్ని తుడిచింది. అప్పుడే కరెంటు తగలనియ్యకూడదని తెలిసీ, మనసు ఆగక లాప్‌టాప్‌కు తగిలించాను. చిన్న లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

మరునాడు ఉదయం అన్న వచ్చాడు. జరిగింది విని గుమ్మంలోనే కూలబడ్డాడు. నాయన మూడడుగుల దూరంలో గోడకానుకుని ఉన్నాడు.

"అడుగు వెన్నెలా" అన్నాడు అన్న, నా వైపే చూస్తూ. "ఐసు కరిగితే నీళ్ళవుతాదని చేపలు పట్టే మనిషికి తెలీదా? నేను బోటెక్కాలని కావాల్నే చేసినాడేమో అడుగు."

అందులో ముల్లు తీయడానికి నాకు వ్యవధి లేదు. నాయన లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఒడ్డు వైపు పోయాడు. మూడో మాట నేను మింగానని ఆ క్షణంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు.

"పదో రోజుకు ఆల్బమ్ చూపిస్తానని గంగులయ్య గారికి మాటిచ్చినా" అన్నాడు అన్న. "నువ్వు చదివినావు గదా మే. ఏదన్నా చెయ్యి." ఆ సాయంత్రం ఎనిమిదో పెళ్ళి ఉంది. సంచి భుజాన వేసుకుని పోయాడు.

చదివాను, నిజమే. హార్డ్ డిస్కు పటం గీసి భాగాలు గుర్తించమని పది మార్కుల ప్రశ్న వచ్చింది. తొమ్మిది తెచ్చుకున్నాను. మూడేళ్ళలో ఒక్క డిస్కును కూడా విప్పి చూడలేదు. మాకెవరూ విప్పి చూపించలేదు.

మధ్యాహ్నం పంచలో చాప వేసి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి కూర్చున్నాను. డిస్కు పైపెట్టెకు స్క్రూలు లేవు. చుట్టూ వెంట్రుకంత గీత ఉంది. అందులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పబోతే ప్లాస్టిక్ నలిగింది.

"ఇనుము వద్దు." నాయన ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. లోపలికి పోయి వలలు కుట్టే వెదురు సూది తెచ్చి, కత్తితో దాని కొసను రేకంత పలుచగా చెక్కి నా చేతికిచ్చాడు. "గీత వెంబడే పో. బలం పెట్టబాకు. యాడ బిగుసుకున్నాదో ఆడ ఆగి, పక్కన వదులు చేసి, మళ్ళా ఆడికి రా."

పోయాను. ఒకచోట టక్కుమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. విరగలేదు, లోపలి కొక్కెం ఊడింది. ఇంకోటి. ఇంకోటి. ఎనిమిది కొక్కేలు ఊడాక పైమూత లేచి వచ్చింది. లోపల నాలుగు మూలలా నల్ల రబ్బరు ముక్కలు, వాటి మధ్య అరచేయంత వెండి రంగు పెట్టె. దాని ఒక కొసన వేలెడంత పచ్చ పలక. కేబుల్ గుచ్చేది ఆ పలకకే. దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. రాగి కాళ్ళకు చిలుము పట్టింది.

"ఒక్క పూటకే!" అన్నాడు నాయన. "పోయినట్టేనా?"

"ఈ పలక పోయింది. పెళ్ళి ఉండేది దీంట్లో కాదు, ఆ వెండి పెట్టెలో. ఇది ఊరికే మధ్యలో ఉండేది. డిస్కు చెప్పింది కంప్యూటర్‌కు చెప్తాది, కంప్యూటర్ చెప్పింది డిస్కుకు చెప్తాది."

"నీ మాదిరి" అన్నాడు నాయన.

నాకు నవ్వు రాలేదు. పలకను పక్కకు లాగాను. ఊడి వచ్చింది.

వెండి పెట్టె తడి లేకుండానే ఉన్నట్టు కనిపించింది. దాని మూత మీద చిన్న రంధ్రం, పక్కనే దాన్ని మూయవద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. నాయన వేలు పెట్టబోయి ఆగాడు.

"ఇదేంది?"

"గాలి పీల్చుకునే రంధ్రం."

"దీంట్లోకి నీళ్ళు పోయుంటే?"

"ఇంకేం లేదు నాయనా."

నాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. మూత చుట్టూ నక్షత్రాల్లాంటి చిన్న స్క్రూలు. "తెరిచి చూసేద్దాం. ఇంజన్ సముద్రంలో పడితే ఏం చేస్తాం? అప్పటికప్పుడు విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఆయిల్ పోసి తిప్పుతాం. ఊరికే పెట్టుకుంటే తుప్పే గదా." అప్పటికే ఆయన పక్కన ఇంజన్ సామాన్ల డబ్బా, ఆయిల్ డబ్బా ఉన్నాయి. ముందే తెచ్చి పెట్టుకున్నాడు పాపం.

"వద్దు నాయనా."

"ఒక్క చుక్క..."

"వద్దు. లోపల అద్దం మాదిరి పళ్ళెం ఉంటాది. దుమ్ము పడినా పెళ్ళంతా పోతాది. దీన్ని మాత్రం తెరవకూడదు."

నాయనకు నేను అంత గట్టిగా అడ్డం చెప్పడం అదే మొదలు. ఆయన ఆయిల్ డబ్బా మూత బిగించి, దూరంగా జరిపాడు. "సరే. నువ్వు చదివినావు" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు.

రెండు రోజులు నీడన ఆరనిద్దామనుకున్నాం. బియ్యం డబ్బాలో పెట్టమని అమ్మ లోపలి నుంచి కేకేసింది. "తవుడు ఆ రంధ్రంలో పడదా? గాలి పీల్చుకునేది అది!" అని నాయన అమ్మకు పాఠం చెప్పాడు. నేను పాత మెత్తటి చీరముక్కలో డిస్కును వదులుగా చుడుతుంటే, ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మణ్ణీ. కావాల్నని చెయ్యలా."

"నాకు తెలుసు నాయనా."

"అయితే ఒకటుండాది. సంచిలో నీళ్ళు చూస్తానే... రవ్వంత సేపు సంతోషం అయింది. వాడింక బోటుకొస్తాడు గదా అని. ఇట్టా పిడికిలి మూసి తెరిచేలోగా పోయింది. అయినా అయింది." నా వైపు చూడలేదు. "మీ అన్నకు చెప్తావో, చెప్పవో, నీ ఇష్టం."

మూడో రోజు అన్న, నేను సూళ్ళూరుపేట బస్సెక్కాం. డిస్కు నా ఒళ్ళో ఉంది. కుప్పం దాటి రోడ్డెక్కాక చెప్పేశాను.

"అన్నా. నువ్వు మూడు చెప్పమన్నావు. నేను రెండే చెప్పినా. తడి సంగతి చెప్పలా."

అన్న కిటికీ వైపు తిరిగాడు. బస్సు తర్వాతి స్టాపులో ఆగి కదిలింది.

"ఎందుకు చెప్పలా?"

"ఆయన నొచ్చుకుంటాడని."

"నేను ఆయన్ని అంత మాటన్నప్పుడు కూడా గమ్మునుండావే."

"ఊ."

ఇంకో స్టాపు పోయింది. అన్న ఉన్నట్టుండి అడిగాడు. "ఐసు కింద ఒక వరసా?"

"కింద ఒకటి, పైన రెండు."

"ఉప్పు?"

"చల్లినాడు. టైగర్ రొయ్యకు కూడా ఇంత చెయ్యలేదన్నాడు."

అన్న ముందు సీటుకు నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని నేను భయపడ్డాను. తల ఎత్తితే నవ్వు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. "ఏం లేదన్నా, మా నాయన" అన్నాడు అన్న ఆయనతో, అదే జవాబైనట్టు. తర్వాత నాతో "ఇంకమీద నీతో ఏమీ చెప్పి పంపను మే" అన్నాడు.

నాయన చెప్పిన రెండో మాట, ఆ రవ్వంత సంతోషం సంగతి, నేను అన్నకు చెప్పలేదు. దాంట్లోంచి ముల్లు తీస్తే మాటే మిగలదు. అట్లాంటిది మోయాల్సింది నేను కాదనిపించింది.

సమాధానం అని అన్నకు తెలిసినాయన కొట్టు స్టేషను దగ్గర. పాత కంప్యూటర్ల సామాను అమ్ముతాడు. డిస్కును చూడగానే చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. "మూత తీసి, లోపల తడిసిందో లేదో చూద్దాం."

"మూత తియ్యొద్దన్నా" అన్నాను. "ఇట్టాంటి పచ్చ పలక బాగున్న ఖాళీ పెట్టె ఉంటే ఇయ్యి, చాలు."

ఆయన అన్న మొహం చూశాడు. "చెల్లెలు చెప్పిందే" అన్నాడు అన్న.

అరగంట వెతికి, గీతలు పడిన పాత పెట్టె ఒకటి ఇచ్చాడు. డిస్కు కాళ్ళను దాని పలకకు ఎదురుగా పెట్టి నేనే తోశాను. కుదురుకుంది. "ఈడే తగిలించి చూడండి, పనిచెయ్యకపోతే ఇంకోటి చూద్దాం" అన్నాడు కొట్టాయన. నేను లాప్‌టాప్ తీయబోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి పోయి చూద్దాం. నాయన కూడా ఉండాల."

నలుగురం పంచలో కూర్చున్నాం. కేబుల్ తగిలించాను. లైటు వెలిగింది, ఆరలేదు. నాయన వంగి డిస్కు పక్కన చెవి పెట్టాడు. "తిరగతా ఉండాది" అన్నాడు గుసగుసగా, గట్టిగా అంటే ఆగిపోతుందేమోనన్నట్టు. తెర మీద పెళ్ళి పేరుతో ఫోల్డరు వచ్చింది. అమ్మ దండం పెట్టుకుంది. మొత్తం లాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. పదిహేడు ఫైళ్ళు తెరుచుకోలేదు. తలంబ్రాల్లో సగం పోయింది. మిగిలిందంతా ఉంది.

ఒడ్డున తీసిన వీడియో పెట్టమన్నాడు నాయన. పెట్టాను. పెళ్ళికూతురు పసుపు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పెద్దవాళ్ళేదో చెప్తున్నారు. ఉన్నట్టుండి కెమెరా ఆ అమ్మాయిని వదిలి, నీళ్ళ వైపు, కిందికి తిరిగింది. అక్కడేమీ లేదు. రెండు క్షణాలకు సరిగ్గా అక్కడే ఒక అల లేచి, అందరి మోకాళ్ళ దాకా కొట్టింది. ఆడవాళ్ళ కేకలు, పెళ్ళికూతురి నవ్వు, గంగులయ్య గారి పట్టు తువ్వాలు నీళ్ళ మీద తేలిపోతుంటే ఆయన పరుగు.

"వెనక్కి పోనీ" అన్నాడు నాయన.

మూడుసార్లు చూశాడు. మూడోసారి ఆయన కళ్ళు అల మీద లేవు, కెమెరా తిరిగే చోట ఉన్నాయి.

"అల రాకముందే తిప్పినాడే" అన్నాడు.

ఎవరితో అన్నాడో తెలియలేదు. నేను మామూలుగా అయితే అన్న వైపు తిరిగి ఆ మాట అందించేదాన్ని. నా చేతులు లాప్‌టాప్ మీదే ఉంచుకున్నాను.

"ఎట్టా తెలిసిందిరా?" అన్నాడు నాయన.

"అంతకు ముందర రెండు చిన్నవి ఒకదాని మీద ఒకటి పడినాయి గదా" అన్నాడు అన్న. "వెనక పెద్దది ఉంటాదని."

"అదే చోటికి వస్తాదని?"

"గాలి దక్షిణం నుంచి ఉండాది."

"ఊ" అన్నాడు నాయన. అమ్మ లేచి లోపలికి పోయి గిన్నెలను ఊరికే అటూ ఇటూ సర్దింది.

పదో రోజున అన్న గంగులయ్య గారికి ఆల్బమ్ చూపించాడు. డిస్కు తడిసిందని, తలంబ్రాలు సగమే ఉన్నాయని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన మొహం ముడుచుకుని పేజీలు తిప్పుకుంటూ పోయి, తువ్వాలు వెంట తాను పరుగెత్తే ఫొటో దగ్గర ఆగాడంట. ఇది ఎవరికీ చూపించబాకు అన్నాడంట. వారం తిరక్కుండా దాన్నే పెద్దది చేయించి పంచలో తగిలించుకున్నాడు. తన చెల్లెలి కొడుకు పెళ్ళికి అన్ననే పిలిచాడు.

జూన్ పదిహేను తెల్లవారుజామున బోట్లు దిగాయి. నాయన రెండు రోజుల ముందే మా మేనమామ గంగాధరాన్ని బోటుకు మాట్లాడుకున్నాడు. అన్నను అడగలేదు, నాతో అడిగించనూ లేదు. అయినా అన్న ఒడ్డుకొచ్చాడు. బోటు వెనక భుజం ఆనించి అందరితో పాటు తోశాడు. నడుము దాకా తడిశాడు. బోటు తేలింది. మామ ఎక్కాడు. అన్న నీళ్ళలో నిలబడిపోయాడు.

పక్క బోటులోంచి ఎవరో కేకేశారు. "ఏం మస్తానయ్యా, కొడుకెక్కడం లేదే?"

నాయన ఇంజన్ తాడు లాగుతూ, అటు తిరక్కుండానే చెప్పాడు. "వాడికి రేపు నాయుడుపేటలో పెళ్ళి ఉండాది."

ఇంజన్ అందుకుంది. ఆ మోతలో నాయన వెనక్కి తిరిగి అన్న మీద అరిచాడు. "రేయ్, నీళ్ళలోంచి బయటికి పోరా! జొరమొస్తే రేపు ఆ పెళ్ళి ఎవురు తీయాల?"

అన్న చెయ్యెత్తి ఊపాడు. బోటు మొదటి అల దాటేదాకా మాత్రం నీళ్ళలోంచి కదల్లేదు.